నాలుగు మూలలూ సరిగ్గానే ఉన్నాయి

“మధ్యలో ఎవరైనా తుడుస్తారు. మూలలు ఎలా తుడిచిందో చూస్తే ఆడదాని సంగతి తెలిసిపోతుంది” అని మా అత్తగారు నా పెళ్ళయిన మూడో రోజున అన్నారు. పదిహేడేళ్ళయింది. ఇప్పటికీ నేను గుడ్డ తడిపి నడవా మొదట్లో మోకాళ్ళ మీద కూర్చోగానే ఆవిడ కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుంటారు. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. పేపర్లో అక్షరాలు కనపడవు, తాగిన కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టారో కనపడదు, నడవా చివరి మూలలో వెంట్రుక మాత్రం కనపడుతుంది. తుడుపుకర్ర కొందామంటే “కర్రతో తుడిస్తే మూలలు అలాగే ఉండిపోతాయి” అన్నారు. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే “అమ్మ చెప్పింది కరెక్టే” అన్నారు. నేను తుడుస్తూ ఆయన కుర్చీ దగ్గరకొచ్చేసరికి రెండు కాళ్ళూ గాల్లోకి ఎత్తుతారు. ఆ కాళ్ళెత్తడం తప్ప పదిహేడేళ్ళలో ఆయన చేసిన ఇంటిపని నాకైతే గుర్తు లేదు. ఎత్తాక “ఊఁ, కానీ” అని కూడా అంటారు, బరువేదో మోస్తున్నట్టు.

ఆ నేల మీదే, ఆ మోకాళ్ళ మీదే, నేను నా జీవితంలో ఒక సంగతి సొంతంగా కనిపెట్టాను. దాన్ని మా ఆయన భోజనాల బల్ల దగ్గర రెండు ముద్దల మధ్యలో తీసి పారేశారు. ఆ తర్వాత ఏమైందో చెప్పాలనే ఇదంతా.

నేను ఒక టైల్స్ షోరూంలో పనిచేస్తాను. కొత్త టైలు వచ్చినప్పుడల్లా దాన్ని కింద పెట్టి, సరిగ్గా పైనుంచి ఫోటో తీసి, అంచులు కత్తిరించి, రంగు తేడా రాకుండా దిద్ది, కేటలాగులోకి ఎక్కించడం నా పని. తొమ్మిదేళ్ళ నుంచి చేస్తున్నాను. అక్కడ నన్ను ఫోటోల మేడమ్ అంటారు. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే మేనేజరు గాజు తలుపు తీసి “మేడమ్, కాస్త కాఫీ సంగతి చూడండి” అంటాడు. కాఫీ మిషనుకి నాకంటే దగ్గరగా ఆరుగురు మగవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళకి ఆ మిషను ఎలా పనిచేస్తుందో ఇంతవరకూ అంతుపట్టలేదు, పాపం.

షోరూంకి వచ్చేవాళ్ళు ఒక టైలు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, “ఇది ఇల్లంతా పరిస్తే ఎలా ఉంటుందండీ?” అని అడుగుతారు. “బ్రహ్మాండంగా ఉంటుంది” అంటాడు మేనేజరు. ఏ టైలుకైనా అదే జవాబు. పరిచాక గొడవ. ఇలా అనుకోలేదని, చిన్నగా చూసినప్పుడు బాగుంది గానీ గది నిండా చూస్తే కళ్ళు తిరుగుతున్నాయని. నేను తీసిన ఫోటోని ఒక గదిలో పరిచి తెర మీద చూపించగలిగితే ఈ గోలంతా ఉండదు కదా అనిపించింది. మా ఆయన సాఫ్ట్‌వేరులో టీం లీడరు. తన కింద పద్నాలుగు మంది ఉన్నారని వారానికోసారి చెబుతారు. పైన ఎంతమంది ఉన్నారో మాత్రం చెప్పరు. ఆయన్ని అడిగాను. “త్రీడీ అంటావా? అది చాలా లోతైన సబ్జెక్టు. నీకు ఎక్కదులే” అని టీవీ చానల్ మార్చారు.

ఎక్కుతుందో లేదో చూద్దామని నేనే వెతుక్కున్నాను. ఎవరో రిటైరైన లెక్కల టీచరు ఇంటర్నెట్లో పెట్టిన పాఠాలు దొరికాయి. ఆవిడ వాడే భాష పేరు చెప్పినా మీకు తెలియదు. మా ఆయనకీ తెలియదు, అందుకే నాకు మరీ నచ్చింది. ఆ భాషలో ఏదైనా సరే ఒక పట్టిక, అంటే అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని అంకెలు. ఏ పని చెప్పినా పట్టిక మొత్తానికి ఒకేసారి చెప్పాలి. మామూలు భాషల్లో అలా కాదు, అచ్చం మా ఇంట్లో నాతో మాట్లాడినట్టే మాట్లాడాలి. ఒక గిన్నె తియ్యి, కడుగు, బోర్లించు, ఇంకా ఉన్నాయా చూడు, ఉంటే మళ్ళీ మొదటికి రా. ఈ భాషలో గిన్నెలన్నిటినీ ఒక్కసారి చూపించి ‘కడుగు’ అంటే చాలు. ఆ కడుగు అనడానికి కూడా ఒకే ఒక్క గుర్తు. మొదటి పాఠం చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు తెలియలేదు గానీ ఇప్పుడు తెలుసు, నా రోజంతా ఏ పద్ధతిలో నడుస్తోందో ఎవరో కాగితం మీద రాసి చూపించి, ఇలాగే ఉండక్కర్లేదమ్మా అన్నట్టయింది.

మా ఆయన పారేద్దామని అటక మీద పెట్టిన పాత లాప్‌టాప్ దించుకున్నాను. స్పేస్ మీట ఒకవైపు ఊడిపోయి ఉంటుంది, కుడివైపు నొక్కితేనే పడుతుంది. షోరూంలో భోజనానికి నలభై నిమిషాలిస్తారు. గోడౌన్‌లో టైల్స్ పెట్టెల మీద కూర్చుని, పది నిమిషాల్లో తినేసి, మిగతా అరగంట నేర్చుకునేదాన్ని. ముందుగా ఒక పెట్టె. పెట్టెకి ఎనిమిది మూలలు, ఒక్కో మూలకి మూడు అంకెలు, అంతే పట్టిక. దాన్ని ఇంకో చిన్న పట్టికతో గుణిస్తే పెట్టె మొత్తం ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది. ఏ మూలకీ విడిగా చెప్పక్కర్లేదు. నా పెట్టె మొదటిసారి తెర మీద తిరిగిన రోజు గోడౌన్‌లో ఎవరూ లేరు. నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో చూపించాను. అదొక పొరపాటు. మా ఆయన కళ్ళజోడు పైకి నెట్టి నా ఎనిమిది లైన్లూ చూశారు.

“ఇదేంటి, చీమలు పాకినట్టుంది? మళ్ళీ మొదటికి రమ్మనే లూపు ఏది?”

“లూపు లేదండీ.”

“లూపు లేకుండా ప్రోగ్రాం ఎలా నడుస్తుంది?”

“నడుస్తోంది కదండీ.”

“ఇది నిజమైన భాష కాదు. దీనికి ఎవడూ ఉద్యోగం ఇవ్వడు” అని తేల్చేశారు. పెట్టె తెర మీద తిరుగుతూనే ఉంది. అత్తగారు వంగి చూసి, “పెట్టె తిప్పడానికి ఇంత తతంగం ఎందుకమ్మాయ్? చేత్తో తిప్పితే పోలా?” అన్నారు. నిజం చెప్పాలంటే ఇద్దరిలో ఆవిడ మాటే కాస్త తెలివిగా ఉంది.

తర్వాతది ఫోటో అతికించడం. ఫోటో కూడా ఒక పట్టికే, గడి గడికీ ఒక రంగు. టైలు ఫోటోనే పక్కపక్కన పేర్చి గదంత చేసి, దాని నాలుగు మూలల్నీ నేల నాలుగు మూలలకీ కడితే, మధ్యలో ఎక్కడ ఏ రంగు రావాలో ప్రోగ్రాం చూసుకుంటుంది. మొదటిసారి గోడ మీద అతికిస్తే పువ్వు తలకిందులుగా వచ్చింది. ఫోటోలో వరుసలు పైనుంచి లెక్కపెడతారు, గదిలో ఎత్తు కింద నుంచి లెక్కపెడతారు. ఒక్క గుర్తు పెట్టి పట్టిక బోర్లిస్తే పువ్వు నిలబడింది. నేల దగ్గరకొచ్చేసరికి మాత్రం చుక్కలు కనిపించాయి. తెర మీద గీయడానికి నేలని ఒక మూల నుంచి ఎదురు మూలకి కోసి రెండు ముక్కోణాలు చేస్తారు. టైల్స్ మధ్య సందు గీతలు నిటారుగా వచ్చి, ఆ కోత మీదకి రాగానే పుటుక్కున విరిగి ఇంకో వైపుకి పోయేవి. నేల మధ్యలో ఎవరో మడత పెట్టినట్టుండేది. మూలల అంకెలు తప్పేమోనని మూడు వారాలు మూలలే చూశాను. పదిహేడేళ్ళ శిక్షణ మరి. నాలుగు మూలలూ సరిగ్గానే ఉన్నాయి.

ఒక ఆదివారం పొద్దున నడవా తుడుస్తున్నాను. మా నడవాలో పన్నెండు వరుసల టైల్స్. మోకాళ్ళ మీద కూర్చుని దూరంగా ఉన్న మూలకేసి చూస్తూ, ఈ చివరకీ ఆ చివరకీ సరిగ్గా మధ్య ఎక్కడా అని బొటనవేలు కంటి ముందు పెట్టి చూసుకున్నాను. కంటికి మధ్య అనిపించిన చోట గుడ్డ విసిరేసి వరుసలు లెక్కపెట్టాను. ఆరో వరుస అవ్వాలి కదా. మూడో వరుస! మళ్ళీ విసిరాను, మళ్ళీ మూడే. దగ్గరి టైల్స్ కంటి నిండా పరుచుకుంటాయి, దూరం టైల్స్ ఒకదానిమీద ఒకటి ఇరుక్కుంటాయి. తెర మీద సగం దూరం నడిస్తే నేల మీద సగం దూరం నడిచినట్టు కాదు. నా ప్రోగ్రాం తెర మీద సమానంగా అడుగులేస్తూ, నేల మీద కూడా సమానంగా నడుస్తున్నాననుకుంటోంది. అందుకే వంకర. నడక మొదలెట్టే ముందు ఒక్కో మూలకి కట్టిన ఫోటో అంకెని ఆ మూల ఎంత దూరంలో ఉందో దానితో భాగించాలి. అప్పుడు నడవాలి. ఒకటిని కూడా అలాగే భాగించి వెంట నడిపించి, చేరిన ప్రతి చోటా దానితో మళ్ళీ భాగించి అసలు అంకె తెచ్చుకోవాలి. తడిగుడ్డ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

“ఏమ్మాయ్, నడుం పట్టిందా?” అన్నారు అత్తగారు కుర్చీలోంచి.

“లేదత్తయ్యా. మధ్యలో ఏదో ఉంది.”

“మధ్యలో ఏముంటుంది? మూల చూడు.”

మర్నాడు గోడౌన్‌లో ఆ లైను రాశాను. రెండు భాగహారాలు, వాటి మధ్యలో నడక. మీట నొక్కగానే నేల పరుచుకుంది, చివరి వరుస దాకా, ఒక్క గీత కూడా విరగకుండా. ఆ గదిలోకి చెప్పులు విప్పి అడుగు పెట్టాలనిపించింది. నేను అంత గర్వపడింది ఇంకెప్పుడూ లేదు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మేనేజరుకి చూపించాను. నోరు తెరిచి చూశాడు. తర్వాత ఆ నోటితోనే, “మీ ఆయన చేశారా?” అన్నాడు.

“నేనే చేశానండీ.”

“అదేలెండి. ఆయన సాఫ్ట్‌వేర్ కదా? ఒకసారి రమ్మనండి, మాట్లాడదాం. పెద్ద మేడమ్ చూస్తే అన్ని షోరూంలకీ పెట్టిస్తారు, చేసినవాళ్ళకి కొత్త సీటు కూడా ఇస్తారు.”

పెద్ద మేడమ్ అంటే కంపెనీ యజమాని. ఆ కొత్త సీటు నాకు కావాలి. ఎంత కావాలో అప్పటిదాకా నాకే తెలియదు. ఆ మాట ఇంట్లో చెప్పాక, నాకు ఎక్కదన్న ఆ లోతైన సబ్జెక్టు వారం తిరక్కుండా ‘మన ప్రాజెక్టు’ అయింది. మా ఆయన నా నలభై ఒక్క లైన్లూ పట్టుకెళ్ళి, తన కింద ఉన్న పద్నాలుగు మందిలో ఒకడి చేత నిజమైన భాషలో రాయించారు. తొమ్మిది వందల లైన్లయింది. కొడుకు పొడుగయ్యాడని చెప్పుకునే తండ్రిలా ఆ తొమ్మిది వందలూ ఫోన్లో అందరికీ చెప్పుకున్నారు. ఒకరోజు భోంచేస్తూ అన్నారు.

“నువ్వొక చోట దూరంతో భాగించావు, కింద మళ్ళీ భాగించి మొదటిదే తెచ్చుకున్నావు. తిరిగి మొదటికే వచ్చేదానికి రెండు భాగహారాలెందుకు? ఏడో తరగతి లెక్క. తీసేయించాను. స్పీడు పెరిగింది.”

“ఆ రెండింటి మధ్యలో నడక ఉందండీ. తీసేస్తే మూలల దగ్గర తేడా తెలీదు గానీ, మధ్యలో వంకరపోతుంది.”

“టెస్ట్ చేశాను. గోడ మీద బ్రహ్మాండంగా వచ్చింది.”

రాకేం చేస్తుంది? ఎదురుగా నిలబడిన గోడకి అన్ని చోట్లా దూరం ఒక్కటే. దాన్ని ఎలా అతికించినా సరిగ్గానే వస్తుంది. నేల మీద చూశారా అని అడగబోయాను. ఆయన ఎంగిలి చెయ్యి అడ్డం పెట్టి, “నువ్వు ఫోటోలు చూసుకో” అన్నారు. నేల వైపు ఆయన చూడలేదు. ఎప్పుడు చూశారు గనక? నేల వచ్చినప్పుడల్లా కాళ్ళెత్తేస్తారు. ఒకసారి చెప్పాను, వినలేదు. రెండోసారి చెప్పలేదు. భార్య అన్నాక చెప్పొద్దా అంటారేమో. ఆయనంటే నాకు కోపం కూడా లేదు. కోపం రావాలంటే మనిషిని కొంచెమైనా లెక్కలోకి తీసుకోవాలి. నేను వడ్డించి, ఎత్తిపెట్టి, నా ఫోటోలు చూసుకున్నాను.

పెద్ద మేడమ్ చూసే రోజు వచ్చింది. మీటింగు గదిలో మేనేజరు, ఇంకో నలుగురు, కోటు వేసుకున్న మా ఆయన. వైర్లు కలిపింది నేను, కర్టెన్లు మూసింది నేను. మొదటి పేజీ తెర మీద పడింది. మా ఆయన పేరు పెద్దక్షరాల్లో. అట్టడుగున చిన్నగా, ‘సహకారం: ఫోటో విభాగం’. ఆ విభాగం మొత్తం గుమ్మం దగ్గర నిలబడి ఉండగా మేనేజరు వెనక్కి తిరిగి, “మేడమ్, కాస్త కాఫీ” అన్నాడు.

నేను కాఫీ తెచ్చేసరికి తెర మీద గోడ నడుస్తోంది. పూల టైలు, చారల టైలు, గచ్చకాయ రంగు టైలు. అందరూ తలలూపుతున్నారు. మా ఆయన చేతులు తిప్పుతూ ఊదరగొడుతున్నారు. పెద్ద మేడమ్ అరవై దాటిన మనిషి, మాటలు తక్కువ. కప్పు అందుకుని, “గోడ సరే. మన అమ్మకాల్లో ముప్పాతిక వంతు నేల టైల్సే. నేల చూపించండి” అన్నారు.

మా ఆయన మీట నొక్కారు. నేల వచ్చింది. ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డంగా విరిగిపోయి, గీతలన్నీ వంకర్లు తిరిగి, మధ్యలో మడత పడి వచ్చింది. నాకు పాత స్నేహితురాలు కనపడినట్టయింది. మా ఆయన ప్రొజెక్టరు సమస్య అన్నారు. మేనేజరు లేచి ప్రొజెక్టరు మీద ఒక దెబ్బ వేశాడు. నేల బాగుపడలేదు. అప్పుడు మా ఆయన నావైపు చెయ్యి చూపించి నవ్వారు.

“ఫోటో తేడాగా తీసినట్టుందండీ. మా ఆవిడే తీసింది. తనకింకా ఇవన్నీ కొత్త కదా.”

తొమ్మిదేళ్ళ కొత్త! నేను ట్రే బల్ల మీద పెట్టాను.

“ఫోటో నాదేనండీ” అన్నాను పెద్ద మేడమ్‌తో. “వంకర మాత్రం ఆయనది.”

నా సంచీలోంచి పాత లాప్‌టాప్ తీశాను. మా ఆయన నా పక్కకి జరిగి, పెదవులు కదలకుండా, “ఆ లైనేదో చెప్పు, తొందరగా, ఇందులోనే పెట్టేద్దాం” అన్నారు. “ఏడో తరగతి లెక్క కదండీ, మీకు రాదా?” అని వైరు ఆయన మిషన్లోంచి పీకి నా దానికి పెట్టాను. స్పేస్ మీట కుడివైపు నొక్కాను. అదే ఫోటో, అదే టైలు. నేల తెర ఈ అంచు నుంచి లోపలి గుమ్మం దాకా తిన్నగా పరుచుకుంది. పెద్ద మేడమ్ లేచి తెర దగ్గరకెళ్ళి, మెడ వంచి, చివరి వరుస దాకా చూసి వచ్చారు.

“ఇదెవరు చేశారు?”

“వాళ్ళాయనేనండీ, ఈ మేడమ్ వాళ్ళ...” అని మేనేజరు ఎత్తుకున్నాడు.

“నేను చేశాను” అన్నాను. “నలభై ఒక్క లైన్లు. ఏది ఎందుకుందో అన్నీ చెప్పగలను.”

పెద్ద మేడమ్ నా మొహం మొదటిసారి సరిగ్గా చూశారు. ఆవిడ కూడా ఏమీ తక్కువది కాదు. “మంచిది. అయితే మీ ఇద్దరూ కలిసి చెయ్యండి. ఆయనకి అనుభవం ఉంటుంది కదా” అన్నారు.

“ఒక్కదాన్నే చేస్తానండీ. ఆయనొస్తే నేను రాను” అన్నాను. ఆవిడ కాఫీ పూర్తిగా తాగి, కప్పు పెట్టి, “సోమవారం నా గదికి రా” అన్నారు. ఖాళీ కప్పులు బల్ల మీదే ఉన్నాయి. నేను నా లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని బయటికొచ్చాను. ఆ కప్పులు ఎవరు తీశారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇద్దరం ఇంటికొచ్చాం. గుమ్మంలోనే అత్తగారు, “పొద్దున హడావుడిలో నడవా తుడవకుండా పోయావు, మూలల్లో ఎలా ఉందో చూడు” అన్నారు. నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి మా ఆయన కోటు విప్పి కుర్చీలో కూర్చున్నారు, ఒళ్ళో తన లాప్‌టాప్. క్షమించమంటారేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. ఇన్నేళ్ళు కాపురం చేసినా నాలో ఇంకా ఎంత అమాయకత్వం మిగిలి ఉందో!

“ఆ మధ్యలో నడక అన్నావు చూడు, అదేంటో ఒకసారి చెప్పు” అన్నారు. “మా టీంకి నేను ఎక్స్‌ప్లెయిన్ చెయ్యాలి. సోమవారానికి మనది రెడీగా ఉండాలి.”

మనది! నేను బాత్‌రూంలోకెళ్ళి గుడ్డ తడిపి, గట్టిగా పిండి, తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన గుడ్డకేసి, నాకేసి చూశారు.

“అక్కడ నడవా మొదట్లో మోకాళ్ళ మీద కూర్చోండి. మూడో వరుసకి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.”

ఆయన కదల్లేదు. నాకేం తొందర లేదు, నిలబడ్డాను. కాసేపటికి లాప్‌టాప్ పక్కన పెట్టి, ముక్కుతూ మూలుగుతూ, కోటుకి జోడీగా వేసుకున్న మంచి ప్యాంటుతోనే కిందికి వంగారు. అత్తగారికి ఎవరు కూర్చున్నారో కనపడినట్టు లేదు. అలవాటు కొద్దీ కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నారు.

నేను ఆయన కుర్చీలో కూర్చుని, గుడ్డ నా దాకా రాగానే రెండు కాళ్ళూ పైకెత్తి, “ఊఁ, కానివ్వండి” అన్నాను. “మూలలు వదలకండి. అత్తయ్య చూస్తుంటారు.”